పేరు చెప్పే హక్కు

పెతి-కాప్‌లో మికరేం వారం వచ్చిందంటే ముసుగుల వాళ్ళు ప్రతి ఇంటి తలుపూ తడతారు, ఒక్క లొరెత్ దెవో ఇంటి తలుపు తప్ప. ఆమె మీద ఊరికి కోపమేమీ లేదు. ఆమె ఆట చెడగొడుతుంది, అంతే.

ఆట పెద్ద చిక్కుది కాదు. ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాసాలకు సరిగ్గా నడిమధ్య వచ్చే ఆ వారంలో, పాత కోట్లూ దిండు గలీబులూ రబ్బరు మొహాలూ తగిలించుకుని జనం ఇళ్ళ మీద పడతారు. గొంతు ఎవరిదో తెలియకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతారు. ఎవరో కనిపెట్టి ఇంటివాళ్ళు పేరు చెప్పాలి. పేరు సరిపోతే ముసుగు తీసి, ఒక గుక్క తాగి, ఒక మిఠాయి నోట్లో వేసుకుని పక్కింటికి పోవాలి. పేరు దొరకనంతసేపూ కూర్చోవచ్చు, గంతులు వేయవచ్చు, ఇంటివాళ్ళను ఏడిపించవచ్చు.

లొరెత్ ముందు ఈ ఆట అర నిమిషం కూడా సాగలేదు. ముసుగు చీలికలోంచి ఒక్క పన్ను మెరిస్తే ఆమెకు చాలు. "పై వరసలో ఎడమ కోరపన్ను వంకర. ఫిదేల్ మనవడివి. ముసుగు తియ్." మరుసటేడు వాళ్ళు పెదవులు బిగించుకుని వచ్చారు. "నోటితో ఊపిరి పీల్చుకునే మనిషివి. చిగుళ్ళు ఎండిపోతున్నాయని మొన్ననేగా చెప్పాను, హెర్వే?" ముసుగు వెనక నుంచి హెర్వే అన్న మాటలు ఉపవాస దినాల్లో అనదగ్గవి కావు. ఆ తరువాత ఎవరూ రాలేదు. పదకొండు మికరేంలు గడిచాయి. ఏటా ఆమె బల్ల మీద ఒక పళ్ళెంలో మిఠాయిలు పెట్టి, వారం ముగిశాక తీసి డబ్బాలో పోసేది. పంచదార మంచిది కాదని ఊరికి చెప్పే మనిషి, వాటిని పారేయలేక నెలరోజులపాటు తానే తినేది.

చర్చి హాల్లో విందులప్పుడూ ఇంతే. లొరెత్ పళ్ళెం పట్టుకుని వస్తుంటే బల్ల దగ్గర చిన్న కదలిక పుట్టేది. ఎవరో తీపి రొట్టెను రుమాలు కింద దాచేవారు. నవ్వుతున్న వాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. "వస్తోంది, వస్తోంది, అందరూ దారంతో పళ్ళ సందులు శుభ్రం చేసుకున్నారా?" అని ఎవరో అనేవారు, ఆమెకు వినబడేలాగే. అందరూ నవ్వేవారు, ఆమె కూడా. తరువాత ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోయేది. ఆమె చూడని నోరు ఆ హాల్లో ఒక్కటీ లేదు. తన నోరు చూసిన మనిషి పక్కన కూర్చుని తినడం ఎవరికి మాత్రం బాగుంటుంది?

లొరెత్ పుట్టింది ఈ ఊళ్ళోనే, పోలిత్ వాళ్ళ మార్స్‌లాన్ కూతురుగా. ఇంటిపేర్లు అయిదారుకు మించని చోట తండ్రి పేరూ తాత పేరూ తగిలిస్తే తప్ప మనిషి తేలడు. మార్స్‌లాన్‌ది పీతల పడవ. తల్లి అలీన్‌కు పందొమ్మిదో ఏట పెళ్ళయింది. పెళ్ళికి మూడు వారాల ముందు అలీన్ తండ్రి ఆమెను పట్నం తీసుకువెళ్ళి, నోట్లో ఉన్న ఇరవై ఎనిమిది పళ్ళూ పీకించి, రెండు వరసల కట్టుడు పళ్ళు కానుకగా ఇచ్చాడు. ఆ రోజుల్లో అది మర్యాద. కాపురానికి వెళ్ళే పిల్ల పంటి నొప్పులతో ఎవరికీ భారం కాకూడదని అనుకునేవారు. పెళ్ళి ఫొటోలో అలీన్ పెదవులు ఇంకా వాచి ఉన్నాయి. లొరెత్ చిన్నతనంలో తల్లికి రెండు ముఖాలు ఉండేవి, పగటిది ఒకటి, పళ్ళు గ్లాసులో పడిన తరువాతది ఒకటి. "అమ్మా, ఆ పళ్ళు ఎవరివి?" అని నాలుగేళ్ళప్పుడు అడిగిందట. "మా నాన్నవి. ఆయనేగా కొన్నాడు" అందట తల్లి.

ఆ గ్లాసే లొరెత్‌ను డెంటల్ హైజీనిస్ట్ చదువుకు హాలిఫాక్స్ పంపింది అంటే తప్పు కాదు. రెండేళ్ళు చదివింది. పళ్ళ మీద గార తీయడం, చిగుళ్ళ లోతు కొలవడం, పిప్పి పట్టకుండా పూత వేయడం నేర్చుకుంది. చివరి రోజున వాళ్ళ టీచరమ్మ బోర్డు మీద ఒకే వాక్యం రాసింది. వ్యాధికి పేరు పెట్టేది దంతవైద్యులు, మీరు కాదు. తరువాత వెనక్కి తిరిగి ఒక మాట కలిపింది: "'ఏమీ లేదు' అని చెప్పడం కూడా రోగ నిర్ధారణే. అది గుర్తుంచుకోండి. ఎక్కువమంది జారేది అక్కడే."

లొరెత్ గుర్తుంచుకుంది. అవసరమైనదానికన్నా ఎక్కువ గుర్తుంచుకుంది. పట్నంలో డాక్టర్ బీటన్ దగ్గర పందొమ్మిదేళ్ళు పనిచేసింది, రోజూ నలభై నిమిషాలు కారు నడుపుకుంటూ. ఆ పందొమ్మిదేళ్ళలో ఏం కనిపించినా, ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఏ రంగులో ఉంది అని మాత్రమే చెప్పే అలవాటు ఆమె మాటలోకీ, మాటలోంచి ఇంట్లోకీ పాకింది. భర్త రేమొన్ పని వెతుక్కుంటూ అల్బర్టా వెళ్ళి, రెండో ఏడు ఒకనాడు ఫోన్ చేసి అడిగాడు: "మన మధ్య ఇంకా ఏమన్నా మిగిలిందా, లొరెత్?"

"నువ్వు ఫోన్ చేసి ఐదు వారాలైంది. పోయినసారి నాలుగు నిమిషాలు మాట్లాడావు. క్రిస్మస్‌కి రాలేదు. నాకు కనబడేది ఇదీ."

"నేనడిగింది అది కాదు."

"అది ఏమిటో చెప్పాల్సింది నువ్వు."

ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు ఆలోచించింది. తాను అన్నదాంట్లో తప్పు ఒక్కటీ కనిపించలేదు. రేమొన్ మళ్ళీ చేయలేదు.

చట్టం మారిన సంవత్సరం ఆమెకు నలభై ఏడేళ్ళు. అంతవరకూ హైజీనిస్ట్ అన్న మనిషి దంతవైద్యుడి ఆజ్ఞ లేకుండా ఎవరి నోట్లోనూ వేలు పెట్టకూడదు. ఇప్పుడు, తగినంత అనుభవం ఉండి, అత్యవసర ఏర్పాట్లూ, బీమా కూడా చూపిస్తే, సొంతంగా గది తెరుచుకోవచ్చు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని దరఖాస్తు నింపి, దాన్ని తానే డాక్టర్ బీటన్‌కు చూపించింది.

బీటన్ చెడ్డవాడు కాడు. అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివాడు. "ఒక్కదానివే అక్కడ ఏం చేస్తావ్?"

"ఇక్కడ చేసేదే చేస్తాను, డాక్టర్."

"ఏదన్నా కనబడితే?"

"మీకు రాస్తాను."

"అదేమిటో రాస్తావా?"

"ఎక్కడుందో రాస్తాను."

ఆయన నవ్వాడు. కానీ అక్కడ ఆమె ఆఖరి రోజున వీడ్కోలు కేకు కోసే వేళకు ఆయన గది తలుపు మూసి ఉంది.

ఆ విధంగా తల్లిదండ్రులు పోయిన ఇంటి ముందు గదిలో ఒక కుర్చీ, ఒక దీపం, గోడ మీద అద్దం కట్టిన లైసెన్సు వచ్చి చేరాయి. మొదటి వారంలోనే లొరెత్ నియమాలను సొంత చేతిరాతతో ఒక నోటు పుస్తకంలో ఎక్కించుకుంది. ఎడమ పేజీ: చూడవచ్చు, కొలవవచ్చు, గార తీయవచ్చు, రాయవచ్చు, పంపవచ్చు. కుడి పేజీ: పేరు పెట్టరాదు, పన్ను తీయరాదు, పాత ఫిల్లింగు మార్చరాదు. కుడి పేజీ అడుగున టీచరమ్మ మాట రాసి, కింద గీత గీసుకుంది.

ఏటా లైసెన్సు పునరుద్ధరణకు ముందు అత్యవసర కసరత్తు ఒకటి చేసి తేదీ వేసుకునేది. నోట్లో మందు వికటించి రోగి స్పృహ తప్పితే ఏం చేయాలన్నది కసరత్తు. గదిలో మరో మనిషి లేదు కాబట్టి మొదట తానే కుర్చీలో పడుకునేది. తరువాత లేచి, పరుగున ఫోన్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఖాళీ కుర్చీ దగ్గరికి తిరిగివచ్చి, "వినబడుతోందా? నేను ఇక్కడే ఉన్నాను" అని గట్టిగా అనేది. అలా అనాలని నియమంలో ఉంది. గడియారం చూసి రాసుకునేది: ఒక నిమిషం నలభై సెకన్లు.

ఆ గదికి భయపడకుండా వచ్చే మనిషి ఒక్కతే, దెల్ఫీన్ ఒక్వాన్. డెబ్భై ఒక్క ఏళ్ళు. గోనెబట్ట మీద ఉన్ని పోగులతో తివాచీలు అల్లేది. మాటకు మాట అంటించడంలో ఆమెను మించిన వాళ్ళు ఊళ్ళో లేరు. తన పెళ్ళినాడు పళ్ళు పీకించుకోనని మొండికేసి, సొంత పళ్ళతో చర్చిలో అడుగుపెట్టిన పెళ్ళికూతురు ఆమె. మికరేంలో నలభై ఏళ్ళుగా ముసుగు వేస్తోంది, ఒక్కసారీ పట్టుబడలేదు. మూడు నెలలకోసారి గార తీయించుకోవడానికీ, మిగిలిన గురువారాలు మూడు గంటలకు ఊరికే టీకీ వచ్చేది.

"మికరేంకి నా ఇంటికీ ఒకసారి రాకూడదా, దెల్ఫీనత్తా?"

"నీ ఇంటికా? నలభై ఏళ్ళు సంపాదించుకున్న పేరు నీ గుమ్మంలో పోగొట్టుకోమంటావా? నీకు నా ముందు పళ్ళు రెండూ కనబడితే చాలు, ఊరంతా చాటేస్తావు."

ఆ ముందు పళ్ళు రెండూ కింది వరసలో, చలికి ఒకరినొకరు ఆనుకున్న మనుషుల్లా ఒకదాని మీదికి ఒకటి వాలి ఉంటాయి. లొరెత్‌కు అవి ఊళ్ళో అన్నిటికన్నా ఇష్టమైన పళ్ళు. ఈ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

సెప్టెంబరు రెండో గురువారం. కొండల మీంచి దూకే సుయెత్ గాలి కిటికీలు ఊపుతోంది. దెల్ఫీన్ కుర్చీలో వెనక్కి వాలింది. పని చేస్తున్నంతసేపూ లొరెత్ మాట్లాడుతూనే ఉంటుంది. అది ఈ వృత్తిలో అందరికీ అబ్బే జబ్బు, ఎదుటి మనిషి నోరు తెరిచి ఉంటుంది కాబట్టి జవాబు రాదు, రాకపోయినా మాట ఆగదు. గాలికి చర్చి పైకప్పు రేకు లేచిపోయిన కథ చెబుతూ, గాజుగుడ్డతో నాలుక కొస పట్టుకుని, పక్కకు తిప్పి, ఎడమ అంచు చూసింది.

కథ ఆగిపోయింది.

ఎరుపూ తెలుపూ కలిసిన మచ్చ. ఎదురుగా ఒక దవడ పన్ను, దాని పాత ఫిల్లింగు అంచు విరిగి పదునుగా ఉంది. గుడ్డతో తుడిస్తే మచ్చ పోలేదు. కొలిచింది. ఎనిమిది మిల్లీమీటర్లు. అప్పుడే రేకు సంగతి మళ్ళీ అందుకుంది కానీ, రేకు ఎక్కడ పడిందో తప్పు చెప్పింది.

దెల్ఫీన్ లేచి కూర్చుని నోరు పుక్కిలించింది. "రేకు పీటర్ వాళ్ళ కొట్టం మీద పడింది. స్కూలు మీద కాదు."

"అవును, కొట్టం మీదే."

"ఏం కనబడింది?"

లొరెత్ చేతి తొడుగులు తీసింది. "నాలుక ఎడమ అంచున ఒక మచ్చ ఉంది. ఎనిమిది మిల్లీమీటర్లు. పక్కనున్న ఫిల్లింగు విరిగి గీసుకుంటోంది. ఈ వారమే డాక్టర్ బీటన్ దగ్గరికి వెళ్ళి ఆ పన్ను బాగు చేయించుకో, మచ్చ కూడా చూపించు. పద్నాలుగు రోజుల్లో మళ్ళీ నా దగ్గరికి రా. అప్పటికీ మానకపోతే..."

"గీసుకుని అయిందేగా? ఏమీ లేదుగా?"

"నాకు కనబడింది చెప్పాను అత్తా. అదేమిటో చెప్పే హక్కు నాకు లేదు."

"సరే సరే, లైసెన్సు మేడమ్" అని నవ్వి, దెల్ఫీన్ కోటు వేసుకుంది. ఆ రోజు టీకి కూర్చోలేదు.

తరువాతి గురువారం రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. లొరెత్ మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ తేదీ, సమయం, "జవాబు లేదు" అని రికార్డులో రాసింది. బీటన్ ఆఫీసుకు చేస్తే, ఆ పేరుతో ఎవరూ రాలేదన్నారు. పదిహేనో రోజున చిన్న సంచిలో అద్దం, గాజుగుడ్డ, కొలబద్ద, టార్చిలైటు సర్దుకుని, కొండ పక్క దారిలో నడిచి దెల్ఫీన్ ఇంటికి వెళ్ళింది.

దెల్ఫీన్ తివాచీ చట్రం ముందు కూర్చుని ఉంది. నీలం సముద్రం మీద తెల్ల పక్షి, ఇంకా కన్ను పెట్టలేదు. తల ఎత్తకుండానే అంది:

"బీటన్ దగ్గరికి వెళ్ళలేదు."

"తెలుసు."

"బీటన్ దగ్గరున్నప్పటి నుంచీ నా నోట్లో చేతులు పెట్టి వాగుతూనే ఉన్నావు, లొరెత్. మీ నాన్న పోయిన వారం కూడా వాగావు. ఆ రోజు ఆగావు. నా నోరు నాకు కనబడకపోయినా చెవులున్నాయి."

 మాట అదుపులో పెట్టుకోవడం లొరెత్ ముప్ఫై ఏళ్ళు అభ్యాసం చేసింది. మౌనాన్ని అదుపులో పెట్టుకోవడం ఎవరూ నేర్పలేదు. పేరు చెప్పకుండానే ఆ రోజు తాను పేరు చెప్పేసింది.

"నన్ను క్షమించు అత్తా. ఇప్పుడు వెళ్దాం. నేనే కారులో తీసుకెళ్తాను."

"ఒక్క ముక్క చెప్పు. ఏమీ లేదంటే వెళ్తాను. ఏదో ఉందన్నా వెళ్తాను. ఈ మధ్యలో వేలాడదీసి చంపకు. అది అదేనా?"

"నాకు తెలియదు."

"తెలియదా, చెప్పకూడదా?"

"రెండూ. చూసి చెప్పగలిగేవాళ్ళు ముక్క తీసి పరీక్షకు పంపి చెప్తారు. నేను 'అదే' అంటే అబద్ధమవ్వచ్చు. 'కాదు' అంటే నువ్వు ఇంట్లో కూర్చుంటావు."

"నీతో మాట్లాడ్డం, గోడకి నమస్కారం పెట్టడం ఒకటే." దెల్ఫీన్ ఉన్ని లాగే కొక్కెం బల్ల మీద పడేసింది. "ఇది నా నాలుక, పిల్లా. నా దగ్గరున్న ఆస్తి ఇదొక్కటే. దీన్ని కోసేస్తే నేనెవర్ని? మూల కూర్చుని తివాచీ అల్లే ముసలిదాన్ని."

 లొరెత్ సంచిలోంచి అద్దం తీసి దెల్ఫీన్ చేతిలో పెట్టింది. "నేను చెప్పను. నువ్వే చూడు. నాలుక కుడివైపుకి తిప్పు."

టార్చి వెలుగులో దెల్ఫీన్ తన నాలుక అంచును డెబ్భై ఒక్క ఏళ్ళలో మొదటిసారి చూసుకుంది. లొరెత్ కొలబద్ద ఆనించింది. "పోయినసారి ఎనిమిది మిల్లీమీటర్లు. ఇప్పుడు పది."

"నీ మిల్లీమీటర్లు ఎవడిక్కావాలి? గోనె కన్నాల్లో చెప్పు."

లొరెత్ కొలబద్దను చట్రానికి బిగించిన గోనెబట్ట మీద పెట్టి లెక్కించింది. "అప్పుడు మూడు కన్నాలు. ఇప్పుడు నాలుగు."

దెల్ఫీన్ పక్షి తల వైపు చూసింది. కన్ను కోసం వదిలిన ఖాళీ మీద వేలు పెట్టింది. "నాలుగు కన్నాలంటే ఈ పక్షి కన్నంత" అంది మెల్లగా.

లొరెత్ టార్చి ఆర్పి, ఒక్క వాక్యం అంది. "అది నా నోట్లో ఉంటే, అత్తా, నేను ఈ పూటే బయల్దేరేదాన్ని."

ఆ వాక్యం నోటు పుస్తకంలో ఎడమ పేజీకి చెందుతుందో, కుడి పేజీకి చెందుతుందో ఆమెకు ఆ రోజు తెలియలేదు, తరువాత కూడా తెలియలేదు. ఇంటికి వచ్చి రికార్డులో దాన్ని ఉన్నది ఉన్నట్టు రాసి, కింద సంతకం చేసింది. ఎవరైనా అడిగితే చూపించడానికి.

దెల్ఫీన్ ఆ మధ్యాహ్నమే కారెక్కింది.  రెండు రోజుల తరువాత బీటన్ ఫోన్ చేశాడు, ఎనిమిదేళ్ళలో మొదటిసారి.

"నీ లేఖ చదివాను. పేజీన్నర. కొలతలు, రంగులు, తేదీలు, ఎన్నిసార్లు ఫోన్ చేశావో కూడా. పందొమ్మిదేళ్ళు నా పక్కన నిలబడ్డావు, ఒక్క పేరు రాయలేకపోయావా?"

"రాసే హక్కు మీది, డాక్టర్."

 "హాలిఫాక్స్ ఆసుపత్రి వాళ్ళకు నా మాటలేమీ కలపకుండా నీ లేఖే పంపాను" అని పెట్టేశాడు.

హాలిఫాక్స్ వాళ్ళు దానికి పేరు పెట్టారు. ఆ పేరు వారంలో ఊరంతా తెలిసింది. లొరెత్‌కు అందరికన్నా చివర, కిరాణా కొట్లో, పిండి బస్తాల మధ్య తెలిసింది. తొందరగా దొరికింది కాబట్టి బతుకుతుందట. నాలుక ఎడమ పక్క కొంత తీసేస్తారట. అది విన్నాక లొరెత్ కొనడానికి వచ్చినదేమిటో మరచిపోయి, అవసరం లేని అగ్గిపెట్టెలు కొనుక్కుని వచ్చింది.

నవంబరులో ఆమె గదికి జనం పెరిగారు. అందరూ నాలుకలు చాపేవారు. అందరూ అదే అడిగేవారు: "ఏమీ లేదుగా?" ఆమె అదే జవాబు చెప్పేది. హెర్వే మాత్రం కుర్చీ దిగుతూ అన్నాడు: "నీకు ముందే తెలుసంటగా. చెప్పలేదంట."  ఆమె అతని చిగుళ్ళ లోతులు రాసుకుంది.

క్రిస్మస్ ముందు దెల్ఫీన్ హాలిఫాక్స్‌లో ఆపరేషను చేయించుకుని తిరిగివచ్చింది. లొరెత్ కోడి మాంసంతో ఫ్రికో పులుసు వండి, కుండ పట్టుకుని వెళ్ళింది, కూర ముక్కలు మెత్తగా ఉడికించి, నమలక్కర్లేకుండా. గుమ్మంలో దెల్ఫీన్ కూతురు జినెత్ నిలబడింది.

"అమ్మ ఎవర్నీ చూడట్లేదు లొరెత్. మాట సరిగా రావట్లేదు, అందుకు సిగ్గు. నిన్నయితే అసలే వద్దంది."

"కోపమా?"

"ఏమో. 'వస్తే నా నోట్లోకే చూస్తుంది' అంది, కాగితం మీద రాసి."

కుండ వారం తరువాత కడిగి గుమ్మంలో పెట్టి ఉంది. లోపల ఏ కాగితమూ లేదు. లొరెత్ అడుగుదాకా చూసింది.

జనవరి, ఫిబ్రవరి. అపాయింట్‌మెంట్ పుస్తకంలో గురువారం మూడు గంటల గడిలో ఆమె ఎవరినీ రాసుకోలేదు. రాసుకోకపోవడానికి కారణం అడిగేవాళ్ళు లేరు. ఆ వేళకు రెండు కప్పులు దింపి, ఒకటి తిరిగి పైన పెట్టేది. లైసెన్సు పునరుద్ధరణ కాగితాలు వచ్చాయి. కసరత్తు చేసింది. "వినబడుతోందా? నేను ఇక్కడే ఉన్నాను." ఆ ఏడు రెండు నిమిషాలు పట్టింది. ఖాళీ కుర్చీ దగ్గర కాసేపు ఎక్కువ నిలబడిపోయింది.

మికరేం వారం మార్చి చివర్లో పడింది. గురువారం మూడు గంటలు. ఇంకా వెలుతురు ఉంది, రోడ్డు పక్కన మంచు మురికి పట్టి ఉంది. పళ్ళెంలో మిఠాయిలు పోస్తుంటే తలుపు మూడుసార్లు చప్పుడైంది.

గుమ్మంలో ఒక్క మనిషి. జాలరి రబ్బరు కోటు, మోకాళ్ళ దాకా బూట్లు, తలకు ఉప్పు గోతాం, దానికి కళ్ళకూ నోటికీ కత్తిరించిన చీలికలు. నడుముకు దిండు కట్టుకుంది. చేతులకు మగవాళ్ళ తొడుగులు. ఊపిరి లోపలికి పీలుస్తూ ఏదో అంది. మాటలు అంచులు అరిగిన నాణేల్లా ఉన్నాయి. మాట జారి, తడబడి, మళ్ళీ నిలదొక్కుకుంది. ఊళ్ళో ఎవరి గొంతూ అలా ఉండదు. ఈ గొంతును ఏ ఇంట్లోనూ ఎవరూ పోల్చుకుని ఉండరు.

చీలికలోంచి కింది వరస ముందు పళ్ళు రెండు కనిపించాయి, చలికి ఒకదాని మీదికి ఒకటి వాలి.

లొరెత్‌కు పేరు నాలుక చివరి దాకా వచ్చింది. ఆ పేరు పైకి అంటే ఆ మనిషి ముసుగు తీస్తుంది, ఒక గుక్క తాగుతుంది, పక్కింటికి పోతుంది. అది నియమం.

"ఫిదేల్ మనవడివి" అంది లొరెత్.

గోతాం అడ్డంగా ఊగింది.

"కాదా? అయితే హెర్వేవి. ఆ పొట్ట చూస్తే తెలుస్తోంది."

గోతాం లోపల నుంచి వచ్చింది నవ్వే. ముసుగు మనిషి లోపలికి వచ్చి, మిఠాయిల పళ్ళేన్ని పట్టించుకోకుండా, తిన్నగా ముందు గదిలోకి నడిచి, కుర్చీ ఎక్కి వెనక్కి వాలింది. బూట్ల మంచు కరిగి నేల మీద చుక్కలు పడుతున్నాయి. చీలిక వెడల్పు చేసి నోరు తెరిచింది.

లొరెత్ చేతులు కడుక్కుంది. తొడుగులు వేసుకుంది. దీపం వెలిగించింది. గాజుగుడ్డతో నాలుకను, ఎంత మిగిలి ఉందో అంతను, మెల్లగా పట్టుకుంది. ఈసారి మాట ఆపకూడదని ముందే తీర్మానించుకుంది కాబట్టి, మొదటి నుంచి చివరి దాకా మాట్లాడుతూనే ఉంది: పడవలు ఈ ఏడు మంచు వల్ల ఆలస్యమవుతాయట, చర్చి రేకు కొత్తది వేశారు, అది కూడా ఎగిరిపోయేట్టే ఉంది. మధ్యలోనే చూసింది. ఎడమ అంచున గీతలా మచ్చ, లేత గులాబీ రంగు, నునుపు. ఎరుపు లేదు. గట్టిగా ఏదీ తగలలేదు. విరిగిన ఫిల్లింగు స్థానంలో కొత్తది.

"ఎడమ అంచున మానిన గాయం. పొడవు ఇరవై రెండు మిల్లీమీటర్లు. రంగు మామూలుగా ఉంది. తుడిస్తే రక్తం రాలేదు" అంది, రికార్డుకు చెప్పినట్టు. "గోనె కన్నాల్లో అయితే తొమ్మిది."

ముసుగు మనిషి లేచి కూర్చుంది. ఊపిరి లోపలికి పీల్చి, ఒక్కో ముక్కా తడుముకుంటూ అడిగింది: "ఏ... మీ... లే... దుగా?"

లొరెత్ చాలాసేపు దీపం ఆర్పలేదు. చెప్పాలనిపించింది. జీవితంలో అంతగా ఎప్పుడూ అనిపించలేదు. కానీ ఆ మాట హాలిఫాక్స్ వాళ్ళది, ఏప్రిల్లో మళ్ళీ పరీక్ష చేసి వాళ్ళే చెప్తారు.

"నువ్వెవరో తెలియకుండా ఏమని చెప్పను?" అంది. "కూర్చో. టీ పెడతాను. కనుక్కునేదాకా పోనిచ్చేది లేదు."

వంటింట్లో రెండు కప్పులూ దింపింది, రెండూ కిందే ఉంచింది. టీ చల్లారేదాకా ఊళ్ళో ఉన్న పేర్లన్నీ చెప్పింది. కాదు. కాదు. కాదు. బతికున్నవాళ్ళ పేర్లు అయిపోతే పోయినవాళ్ళ పేర్లు మొదలుపెట్టింది. "మా తాత పోలిత్‌వా?" గోతాం నవ్వుతో ఊగింది. "మా నాన్న మార్స్‌లాన్‌వా? ఆయనకి ఈ కోటు సరిపోయేది."

కిటికీ బయట వెలుతురు పలచబడుతోంది. ముసుగు మనిషి చీలికలోంచి జాగ్రత్తగా, కుడి పక్క నుంచి, టీ తాగుతోంది. లొరెత్ ఆ రెండు పళ్ళ వైపు చూసింది.

"మా అమ్మవి మాత్రం కాదు" అంది. "నీకు పళ్ళున్నాయి."

మరో కప్పు పోసి, తరువాతి పేరు కోసం తీరిగ్గా ఆలోచించడం మొదలుపెట్టింది.